లైన్ నంబర్ 1

జావాస్క్రిప్ట్‌లో తప్పులన్నీ ఒకటో లైన్లోనే జరిగిన కాలం ఒకటుంది. లాగిన్ బటన్ పలకకపోయినా ఒకటో లైనే, పేమెంట్ పేజీ తెల్లగా నిలబడిపోయినా ఒకటో లైనే. 2008 తర్వాత ఓ ఐదారేళ్లు వెబ్ అప్లికేషన్లకు ప్రొడక్షన్ సపోర్ట్ చేసినవాళ్లెవరిని అడిగినా ఇదే చెబుతారు. అందులో పెద్ద రహస్యం లేదు. బ్రౌజర్‌కి పంపే ముందు కోడ్‌లో ఉన్న ఖాళీలు, కామెంట్లు, కొత్త లైన్లు అన్నీ పీకేసేవాళ్లం. ఇరవై వేల లైన్ల ప్రోగ్రాం ఒకే ఒక పొడుగాటి లైనుగా మారి వెళ్లేది. ఇక తప్పు ఎక్కడ జరిగితేనేం, లైన్ నంబర్ 1 కాక ఇంకేముంటుంది?

ఆ ఒకటో లైను నుంచి మనం రాసిన అసలు లైనుకు దారి కనుక్కోవడమే నా ఉద్యోగంలో సగం. ఆ దారి ఎప్పుడు పడిందో, పడ్డ దారిని మళ్లీ ఎవరెవరు చెరిపారో మా టీంలో కొత్తగా చేరేవాళ్లకు చెబుతూ ఉంటాను. చెరిపినవాళ్ల మీద నాకు కోపం లేదు. వాళ్లలో ఎక్కువమంది మనకు సాయం చేద్దామని వచ్చినవాళ్లే. చిక్కంతా అక్కడే ఉంది.

నేను మొదట జావా మనిషిని. మా తరంలో చాలామందిలాగే అమీర్‌పేటలో, మైత్రీవనం పక్క సందులో, కోర్ జావా నేర్చుకున్నాను. రెండు వందలమంది కిక్కిరిసిన హాల్లో సారు బోర్డు మీద క్యాచ్ అని రాసి, దాని కింద ఈ.ప్రింట్‌స్టాక్‌ట్రేస్() అని రాసేవాడు. ఎందుకని అడిగే తీరిక ఎవరికీ ఉండేది కాదు, రాసుకునేవాళ్లం అంతే. ఉద్యోగంలో చేరాకే దాని విలువ తెలిసింది. ప్రోగ్రాం పడిపోయినప్పుడు ఏ మెథడ్ ఏ మెథడ్‌ని పిలిచింది, అది ఇంకెవర్ని పిలిచింది, చివరికి ఏ ఫైల్లో ఎన్నో లైన్లో పడింది అని వరసగా చెప్పే జాబితా అది. 2002లో జావా 1.4 వచ్చాక దానికి "కాజ్డ్ బై" కూడా చేరింది. ఒక తప్పు వెనక ఉన్న ఇంకో తప్పు, దాని వెనక మరోటి కనబడేవి. పైన ఇప్పటికే చూపించిన వరసలను కింద మళ్లీ రాయకుండా "... 23 మోర్" అని మడిచిపెట్టేది. ఇదంతా జావాతో వచ్చే ప్రామాణిక లైబ్రరీలో భాగం. దాని స్పెసిఫికేషన్‌లో ఉంది.

జావాస్క్రిప్ట్‌కి ఆ అదృష్టం లేదు. నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ 1995 మేలో పది రోజుల్లో దాని మొదటి రూపం కట్టాడు. ఆ తొలి రూపంలో ట్రై, క్యాచ్ లేవు. అవి 1999 చివర్లో ఈసీఎంఏస్క్రిప్ట్ మూడో ఎడిషన్‌తో వచ్చాయి. అప్పుడు వచ్చిన ఎర్రర్ అనే వస్తువుకు ఒక పేరు, ఒక సందేశం ఉన్నాయి. ఎక్కడ పడిందన్న సంగతి లేదు. అంతకు ముందే, 1996లో, నెట్‌స్కేప్ మూడో వెర్షన్‌లో విండో.ఆన్‌ఎర్రర్ అనే హుక్ ఒకటి పెట్టారు. పేజీలో ఏ తప్పు జరిగినా అది పిలిచి మూడు విషయాలు చెప్పేది: సందేశం, ఫైలు అడ్రసు, లైన్ నంబరు. ఆ లైన్లో ఎన్నో అక్షరం దగ్గర అన్నది చెప్పేది కాదు. మనుషులు చేత్తో రాసిన కోడ్‌లో లైనుకు అరవై డెబ్బై అక్షరాలు ఉంటాయి కాబట్టి ఆ రోజుల్లో అదొక లోటుగా ఎవరికీ అనిపించలేదు.

ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లో తప్పు జరిగితే కింద స్టేటస్ బార్‌లో ఎడమ మూల చిన్న పసుపు త్రికోణం వచ్చేది. దాని మీద రెండుసార్లు నొక్కితే డబ్బా తెరుచుకునేది. లైను, క్యారెక్టర్, ఎర్రర్, కోడ్, యూఆర్ఎల్ అని ఐదు వరసలు. ఎర్రర్ దగ్గర చాలాసార్లు "ఆబ్జెక్ట్ ఎక్స్‌పెక్టెడ్" అని ఉండేది. ఏ ఆబ్జెక్టో, ఎవరు ఎక్స్‌పెక్ట్ చేశారో చెప్పేది కాదు. చిత్రమేమిటంటే, ఎన్నో అక్షరం అన్న సంగతి ఆ డబ్బాలో ఉండేది. తెర ముందు కూర్చున్న వాడుకరికి కనబడేది, ఆన్‌ఎర్రర్ మన ప్రోగ్రాంకి చెప్పే మూడు విషయాల్లో మాత్రం ఉండేది కాదు. కస్టమర్‌కి ఫోన్ చేసి "సార్, ఆ త్రికోణం మీద డబుల్ క్లిక్ చేసి, క్యారెక్టర్ పక్కన ఎంత ఉందో చదవండి" అని బతిమాలిన రోజులు నాకు గుర్తున్నాయి.

తప్పు జాడ పట్టుకోవడమన్నది నిజానికి ఈ భాషకంటే, జావా కంటే కూడా ఎంతో పాత పని. కేంబ్రిడ్జ్‌లో ఎడ్సాక్ అనే కంప్యూటర్ 1949 మేలో మొదటి ప్రోగ్రాం నడిపింది. తన శేషజీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాంలలోని తప్పులు వెతకడంతోనే గడుస్తుందని ఆ రోజుల్లోనే తనకు తట్టినట్టు దాన్ని కట్టిన మోరిస్ విల్క్స్ తర్వాత రాసుకున్నాడు. 1951లో అదే బృందంలోని స్టాన్లీ గిల్, ఎడ్సాక్ ప్రోగ్రాంలలో తప్పుల నిర్ధారణ మీద రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం అచ్చువేశాడు. ప్రోగ్రాం ఆగిపోయాక మెమరీలో ఏముందో అచ్చు తీసే రొటీన్లకు వాళ్లు పెట్టుకున్న పేరు పోస్ట్‌మార్టం. ఇప్పటికీ ఆఫీసుల్లో సర్వర్ పడిపోయాక పెట్టే మీటింగ్‌ని అదే పేరుతో పిలుస్తున్నాం.

మనిషి రాసింది ఒకటి, మెషీన్ నడిపేది ఇంకొకటి అయినప్పుడు లైన్ నంబర్ల చిక్కు మొదలవుతుంది. సీ భాషవాళ్లు దీన్ని తేలిగ్గా తేల్చుకున్నారు. యాక్ లాంటి పనిముట్లు మనం రాసిన వ్యాకరణం నుంచి సీ కోడ్‌ని పుట్టిస్తాయి. అలా పుట్టిన కోడ్ మధ్యలో #లైన్ అని ఒక గుర్తు పెడతాయి. "ఇక్కడి నుంచి వచ్చే తప్పులకు ఫలానా ఫైలు, ఫలానా లైను అని చెప్పు" అని కంపైలర్‌కు దాని అర్థం. బ్యార్నీ స్ట్రౌస్ట్రుప్ తొలి రోజుల్లో సీ ప్లస్ ప్లస్‌ని సీ లోకి మార్చిన సీఫ్రంట్ కూడా ఇదే పద్ధతి మీద నడిచింది. జావాలో జేఎస్‌పీ పేజీలకోసం 2003లో జేఎస్ఆర్ 45 అనే పద్ధతి వచ్చింది. ప్రోగార్డ్ వాడేవాళ్లకు పేర్లు కుదించిన జావా కోడ్‌తో పాటు ఒక మ్యాపింగ్ ఫైలు, దాన్ని చదివి పాత పేర్లు తెచ్చిపెట్టే రీట్రేస్ అనే పనిముట్టు దొరికేవి. అంటే విద్య అప్పటికే ఉంది. జావాస్క్రిప్ట్ వాళ్లకే అది ఆలస్యంగా అందింది.

ఎందుకు ఆలస్యమైందంటే, మొదట్లో ఎవరికీ అవసరం పడలేదు. డయలప్ కనెక్షన్ మీద పేజీ తెరుచుకోవడానికి నిమిషాలు పట్టే రోజుల్లో ముందు కావలసింది బరువు తగ్గడం. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ జేఎస్‌మిన్ రాశాడు. అది కామెంట్లను, ఖాళీలను మాత్రమే తీసేది, పేర్ల జోలికి వెళ్లేది కాదు. డీన్ ఎడ్వర్డ్స్ ప్యాకర్ ఇంకో అడుగు ముందుకేసి కోడ్ మొత్తాన్ని ఒక స్ట్రింగ్‌లో మూటకట్టి, బ్రౌజర్‌లో విప్పుకొని నడిపేలా చేసింది. అందులో తప్పు దొరికితే ఇక దేవుడే దిక్కు. 2007లో యాహూ నుంచి జూలియన్ లెకాంత్ రాసిన వైయూఐ కంప్రెసర్ వచ్చింది. అదే ఏడు యాహూలోనే పనిచేస్తున్న స్టీవ్ సౌడర్స్ వేగంగా తెరుచుకునే వెబ్‌సైట్ల మీద పద్నాలుగు సూత్రాల పుస్తకం వేశాడు. అందులో పదో సూత్రం జావాస్క్రిప్ట్‌ని కుదించమనేదే. ఆ పుస్తకం మా ఆఫీసులో చేతులు మారి మారి అట్ట ఊడిపోయింది. పదో సూత్రం మాత్రం అందరూ పాటించారు.

వైయూఐ కంప్రెసర్‌లో ఒక ఆప్షన్ ఉండేది, లైన్‌బ్రేక్ అని. ఎనిమిది వేల అక్షరాలు దాటిన లైన్లను కొన్ని సోర్స్ కంట్రోల్ పనిముట్లు భరించలేవు, అందుకని ఫలానా కాలమ్ తర్వాత లైను విరగ్గొట్టే వీలు ఇచ్చారు. దానికి సున్నా ఇస్తే ప్రతి సెమీకోలన్ తర్వాతా కొత్త లైను వచ్చేది. డీబగ్ చేసుకోవడానికి ఇది పనికొస్తుందని దాని డాక్యుమెంటేషన్లోనే రాశారు. మేం పట్టుకు వేలాడింది ఆ సున్నానే. ఫైలు కాస్త లావయ్యేది గానీ, తప్పు 1 దగ్గర కాకుండా 4,812 దగ్గర అని వచ్చేది. 4,812లో ఏ, బీ, సీ అని ఒంటి అక్షరం పేర్లు తప్ప ఏమీ ఉండేవి కాదు. అయినా పక్కనున్న ఒక సందేశమో, ఒక అడ్రసో పట్టుకొని అసలు ఫైల్లో వెతికేవాళ్లం. మా టీంలో ఒకాయన ఇలా వెతకడంలో ఆరితేరాడు. కుదించిన కోడ్ చూసి, ఇది ఫలానావాళ్లు రాసిన ఫంక్షన్ అని చెప్పేసేవాడు. ఎలా అంటే, "వాడొక్కడే రెండు ఆశ్చర్యార్థకాలు పెట్టి బూలియన్ చేస్తాడు" అనేవాడు.

జీమెయిల్ లాంటి పెద్ద అప్లికేషన్లను గూగుల్ లోపల ఒక కంపైలర్‌తో కుదించేవాళ్లు. క్లోజర్ కంపైలర్ అనే ఆ పనిముట్టుని 2009 నవంబరులో అందరికీ ఇచ్చారు. దాంతో పాటే ఫైర్‌ఫాక్స్‌లో డీబగ్గింగ్‌కి వాడే ఫైర్‌బగ్‌లో అమరే క్లోజర్ ఇన్‌స్పెక్టర్ అనే చిన్న తోడు కూడా వచ్చింది. కుదించిన కోడ్‌కీ అసలు కోడ్‌కీ లంకె చూపే పటం ఒకటి అది చదివేది. మనం ఇవాళ సోర్స్ మ్యాప్ అంటున్నది అక్కడ పుట్టింది. మొదటి రూపంలో ఆ పటం, కుదించిన ఫైలుకంటే దాదాపు పది రెట్లు ఉండేది. రెండో రూపంలో సగానికి తగ్గించారు. 2011లో గూగుల్‌లోని జాన్ లెంజ్, మొజిల్లాలోని నిక్ ఫిట్జెరల్డ్ కలిసి మూడో రూపం రాశారు, అది మళ్లీ సగమైంది. ఆ మూడో రూపమే ఈనాటికీ నడుస్తోంది. దాని స్పెసిఫికేషన్ పదేళ్లకు పైగా ఒక గూగుల్ డాక్యుమెంట్‌గానే ఉండిపోయింది. ప్రపంచంలోని ఎన్నో వెబ్‌సైట్లు ఆధారపడ్డ పద్ధతికి అన్నాళ్లూ అంతకు మించిన రికార్డు లేకపోయింది.

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాటు కొన్నవాళ్లకు సోర్స్ మ్యాప్ చేసే పని చప్పున అర్థమవుతుంది. చేతిలో ఉండేది లేఅవుట్‌లో ప్లాటు నంబరు. గొడవొస్తే కావలసింది పాత రికార్డులోని సర్వే నంబరు. ఈ ప్లాటు ఆ సర్వే నంబరులోంచి ఎంత ముక్క అని చెప్పే కాగితం దొరికితేనే పని జరుగుతుంది.

ఆ కాగితం లాంటి సోర్స్ మ్యాప్‌ని దగ్గరగా చూస్తే ముచ్చటేస్తుంది. మ్యాపింగ్స్ అన్న చోట అర్థంపర్థం లేనట్టు అక్షరాల బారు ఉంటుంది. కామాతో ఒక ముక్క, సెమీకోలన్‌తో ఒక లైను పూర్తవుతాయి. ఒక్కో ముక్కలో మామూలుగా నాలుగు సంఖ్యలు: కుదించిన ఫైల్లో ఎన్నో కాలమ్, ఎన్నో సోర్స్ ఫైలు, అందులో ఎన్నో లైను, ఎన్నో కాలమ్. సంఖ్యలను ఇంగ్లీషు అక్షరాల్లో దాస్తారు. "ఏ" అంటే సున్నా, "సీ" అంటే ప్లస్ ఒకటి, "డీ" అంటే మైనస్ ఒకటి, "ఈ" అంటే ప్లస్ రెండు. మొదటి ముక్క "ఏఏఏఏ" అయితే అన్నీ సున్నాలు, అంటే మొదటికి మొదలు. తర్వాతి ముక్క "ఏఏసీఏ" అయితే, ఇందాకటి చోటు నుంచి సోర్స్‌లో ఒక లైను కిందికి దిగు అని. ప్రతి సంఖ్యా దాని ముందున్న దాని నుంచి ఎంత తేడా అన్నదే. అందుకే అంత చిన్నదైంది, అందుకే అంత సున్నితం కూడా. మధ్యలో ఒక ముక్క తేడా వస్తే ఆ తర్వాతవన్నీ జరిగిపోతాయి. మ్యాప్ తయారైపోయాక ఎవరైనా ఫైలు నెత్తిన లైసెన్స్ కామెంట్ ఒక లైను అతికిస్తే, ఇక ఏ తప్పూ సరైన లైన్లో కనబడదు.

ఫైలు అడుగున "సోర్స్‌మ్యాపింగ్‌యూఆర్ఎల్" అని మ్యాప్ అడ్రసు ఒక కామెంట్‌గా రాస్తారు. మొదట దాని ముందు //@ పెట్టేవాళ్లు. పాత ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ తన సొంత కామెంట్ పద్ధతి అనుకొని దాని మీద తడబడింది. 2013లో దాన్ని //# చేశారు. పోయేముందు కూడా ఆ బ్రౌజర్ తన ముద్ర వేసే పోయింది.

ఇక్కడిదాకా కథ బాగానే ఉంది. 2012 కల్లా క్రోమ్‌లో, ఆ తర్వాత ఫైర్‌ఫాక్స్‌లో డెవలపర్ టూల్స్ తెరిస్తే అసలు ఫైలు పేరు, అసలు లైను కనబడటం మొదలైంది. కానీ ఇందులో ఒక మెలిక ఉంది. చాలా ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లు కూడా దీన్ని పట్టించుకోరు. మ్యాప్ చదివి సరిచేసి చూపించేది టూల్స్ తెర మాత్రమే. ప్రోగ్రాం చేతికి అందే ఎర్రర్.స్టాక్ అనే స్ట్రింగ్ మాత్రం కుదించిన నంబర్లతో అలాగే ఉంటుంది. లాగ్ ఫైల్లోకి వెళ్లేది ఆ స్ట్రింగే.

స్టాక్ అనే ఆ ప్రాపర్టీ కథ ఇంకా విచిత్రం. అది మొజిల్లా వాళ్లు సొంతంగా పెట్టుకున్నది. తర్వాత క్రోమ్ ఇంజన్ వీ8 కూడా అదే పేరుతో తన పద్ధతిలో ఇచ్చింది. ఫైర్‌ఫాక్స్‌లో ఫంక్షన్ పేరు, @ గుర్తు, ఫైలు వరసగా వస్తాయి. క్రోమ్‌లో "ఎట్" అని మొదలై, బ్రాకెట్లో ఫైలు వస్తుంది. ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పదో వెర్షన్‌లో, 2012లో గానీ అది రానే లేదు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు నడిచింది. భాష ప్రమాణంలో అది లేదు. 2025 జూన్‌లో ఆమోదం పొందిన ఈసీఎంఏస్క్రిప్ట్ 2025లో వెతికినా దొరకదు. జావాస్క్రిప్ట్ రాసేవాళ్లంతా రోజూ చూసే జాబితా, ఇంజన్లు మర్యాదకు ఇచ్చేదే తప్ప భాష మాట ఇచ్చింది కాదు.

వీ8 ఆ మర్యాదలో ఒక వెసులుబాటు కూడా కలిపింది. ఎర్రర్.ప్రిపేర్‌స్టాక్‌ట్రేస్ అనే చోట మనం ఒక ఫంక్షన్ పెడితే, జాబితాను స్ట్రింగ్‌గా మార్చే పని దానికి అప్పగిస్తుంది. సర్వర్ మీద జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ కూడా వీ8 మీదే నడుస్తుంది కాబట్టి సర్వర్ రాసేవాళ్లకూ అది అందింది. నోడ్‌లో బ్రౌజర్ టూల్స్ తెర లాంటిది ఎదురుగా ఉండదు, ఉండేది లాగే. జావాస్క్రిప్ట్‌గా మార్చి నడిపే కాఫీస్క్రిప్ట్, ఆ తర్వాత టైప్‌స్క్రిప్ట్ రాసేవాళ్లకు లాగ్‌లో తమ లైన్ నంబరు కావాలంటే ఆ స్ట్రింగ్‌నే మార్చాలి. ఇవాన్ వాలెస్ సోర్స్-మ్యాప్-సపోర్ట్ అనే లైబ్రరీలో సరిగ్గా ఇదే చేశాడు. ఫిగ్మా స్థాపించిన ఇద్దరిలో ఒకరు, తర్వాత ఈఎస్‌బిల్డ్ రాసినాయన ఈయనే. ఆ లైబ్రరీ ప్రిపేర్‌స్టాక్‌ట్రేస్‌లో తన ఫంక్షన్ పెట్టి, ఒక్కో వరసనూ మ్యాప్‌తో సరిచూసి, అసలు ఫైలు, అసలు లైను రాస్తుంది.

ఆ లైబ్రరీ కోడ్‌లో 62 అనే సంఖ్య ఒకటి కనబడుతుంది. దాన్ని కొత్తవాళ్లకు చూపించడం నాకు సరదా. నోడ్ ప్రతి ఫైలునీ నడిపే ముందు దాన్నొక ఫంక్షన్‌లో చుట్టేది. ఎక్స్‌పోర్ట్స్, రిక్వైర్, మాడ్యూల్ లాంటి ఐదు పేర్లతో మొదలయ్యే ఆ తల భాగంలో, చివరి ఖాళీతో కలిపి, సరిగ్గా 62 అక్షరాలు. అది ఫైల్లో మొదటి లైను ముందే వచ్చి కూర్చుంటుంది గనక మొదటి లైన్లోని తప్పుల కాలమ్ 62 జరిగి వచ్చేది. కుదించిన ఫైల్లో ఉన్నదే ఒక లైను కదా! అందుకని లైను 1 అయితే 62 తీసెయ్ అని రాసుకున్నాడు. నోడ్ 10.16, 11.11 నుంచి ఆ తల భాగాన్ని నోడ్ తీసేసింది. దాంతో ఏ వెర్షన్ అయితే తీయాలి, ఏదైతే తీయకూడదు అని ఇంకో షరతు చేరింది. ఇంతా చేసి అది ఒక అంకె, కానీ తప్పు వేరే ఫంక్షన్ మీదికి వెళ్లడానికి ఆ అంకె చాలు.

ఇప్పుడు అసలు గొడవ. ప్రిపేర్‌స్టాక్‌ట్రేస్ అన్న చోట పట్టేది ఒకే ఒక్క ఫంక్షన్. మామూలుగా ప్రాసెస్ మొత్తానికీ అదొక్కటే. ఎవరు చివర పెడితే వాళ్లదే రాజ్యం. సోర్స్ మ్యాప్ వాళ్లకు అది కావాలి. తనను ఏ ఫైలు పిలిచిందో తెలుసుకోవాలనుకునే లాగింగ్ లైబ్రరీకీ అదే కావాలి, ఎందుకంటే ఫైలు పేరు, లైను విడివిడిగా ఇచ్చే కాల్‌సైట్ వస్తువులు ఆ ఫంక్షన్‌కే అందుతాయి. పాత ఫంక్షన్ వాడుతున్నారు జాగ్రత్త అని హెచ్చరించే లైబ్రరీకీ అదే కావాలి.

మర్యాదగా చేసేవాళ్లు ఉన్నారు. ఎక్స్‌ప్రెస్ వాడేవాళ్ల దగ్గర తప్పకుండా ఉండే డెప్‌డీ అనే చిన్న లైబ్రరీ చూడండి. అక్కడున్న ఫంక్షన్‌ని పక్కన పెట్టుకుంటుంది, తనది పెడుతుంది, జాబితా తీసుకుంటుంది, పాతదాన్ని మళ్లీ అక్కడే పెడుతుంది. ఎన్ని వరసలు చూపించాలో చెప్పే స్టాక్‌ట్రేస్‌లిమిట్‌ని కూడా మార్చి, మళ్లీ పాత విలువే పెడుతుంది. ఆ లిమిట్ మామూలుగా 10. ఫ్రేంవర్క్ వరసలు పదీ మింగేస్తే మన ఫైలు పదకొండోదై కనబడకుండా పోతుంది. అందుకని దాన్ని పెంచేవాళ్లు ఉన్నారు, వేగం కోసం సున్నా చేసేవాళ్లూ ఉన్నారు. బ్లూబర్డ్ లాంటి ప్రామిస్ లైబ్రరీలు ఇంకో దారి పట్టాయి. టైమర్ దాటాక తెగిపోయే జాబితాకు పాత జాబితాను "ఫ్రమ్ ప్రీవియస్ ఈవెంట్" అని అతికించేవి. వీ8 7.3లో, 2019లో, ఎవెయిట్ దాటిన వరసలు ఇంజనే చూపించడం మొదలెట్టాక ఆ అతుకుల అవసరం చాలావరకు తగ్గింది.

మర్యాద తప్పినది ఒకటి మాకు తగిలింది. టైప్‌స్క్రిప్ట్‌లో రాసిన సర్వర్, లాగ్‌లో ఎప్పుడూ టీఎస్ ఫైళ్ల పేర్లే వచ్చేవి. ఒకరోజు మా టీంలో చేరి ఆరు నెలలైనా కాని అమ్మాయి వచ్చి, "అన్నా, లాగ్‌లో అన్నీ డిస్ట్ ఫోల్డర్‌లోని జేఎస్ ఫైళ్లే వస్తున్నాయి. మన కోడ్ ఎవరూ ముట్టుకోలేదు" అంది.

"అన్నీనా, కొన్నేనా?"

"సర్వర్ లేచేటప్పుడు వచ్చిన ఎర్రర్లు సరిగ్గానే ఉన్నాయి. మొదటి రిక్వెస్ట్ వచ్చిన దగ్గర్నుంచే ఇలా."

ఆ రెండో మాటతో సగం పని అయిపోయింది. మొదటి రిక్వెస్ట్‌తోనే మొదటిసారి నడిచేదేదో ఆ ఒక్క చోటును తన్నేస్తోందన్నమాట. అదెవరో పట్టుకోవడానికి ఆ అమ్మాయే ఒక ఉపాయం చేసింది. ప్రిపేర్‌స్టాక్‌ట్రేస్ అన్న ప్రాపర్టీని డిఫైన్‌ప్రాపర్టీతో మళ్లీ కట్టి, ఎవరైనా దానికి కొత్త విలువ ఇవ్వగానే కన్సోల్.ట్రేస్ నడిచేలా పెట్టింది. జాడ చెరిపేవాడు చెరిపే క్షణంలోనే తన జాడ వదలాలి. సర్వర్ లేపి ఒక్క రిక్వెస్ట్ పంపింది. నోడ్‌మాడ్యూల్స్‌లో నాలుగు అంతస్తుల లోపల, మేమెప్పుడూ పేరు వినని ఒక చిన్న లైబ్రరీ బయటపడింది. మా లాగింగ్ లైబ్రరీకి కావలసిన ఇంకో లైబ్రరీకి కావలసింది అది. మొత్తం కలిపి ముప్పై లైన్లు లేదు. పిలిచిన ఫైలు పేరు తెలుసుకోవడానికి తన ఫంక్షన్ పెట్టింది, పని చూసుకుంది, వెళ్తూ వెళ్తూ పాతది మళ్లీ పెట్టడానికి బదులు అన్‌డిఫైన్డ్ పెట్టింది. అది రాసినాయన మెషీన్లో అంతకుముందు అక్కడ ఏమీ ఉండి ఉండదు. ఆయన టెస్టులన్నీ పాసయ్యాయి.

అలాంటివి ఇంకో రెండు రకాలు చూశాను. పాతదాన్ని మళ్లీ పెట్టే కోడ్ ఉంటుంది గానీ ఫైనలీలో ఉండదు. మధ్యలో తప్పు జరిగితే అది అక్కడికి చేరదు. ఇంకొకటి దొరకడమే కష్టం. స్టాక్ స్ట్రింగ్‌ని వీ8 ఒక్కసారే తయారు చేస్తుంది, మొదటిసారి ఎవరైనా చదివినప్పుడు. సోర్స్ మ్యాప్ లైబ్రరీ సిద్ధం కాకముందే ఏదో ఒక లైబ్రరీ ఆ ఎర్రర్‌ని తీసుకొని స్టాక్‌ని ఒకసారి చదివిందనుకోండి, పాత నంబర్లే స్థిరపడిపోతాయి. తర్వాత ఎన్నిసార్లు అడిగినా అవే. చదవడం వల్ల పాడైందంటే కొత్తవాళ్లు నమ్మరు. రిక్వైర్ లైన్లు పైకీ కిందికీ మార్చి చూపిస్తేనే నమ్ముతారు.

నోడ్ 12.12లో, 2019 అక్టోబరులో, --ఎనేబుల్-సోర్స్-మ్యాప్స్ అనే ఫ్లాగ్ వచ్చింది. ఇక బయటి లైబ్రరీ అక్కర్లేదు, నోడే మ్యాప్ చదువుతుంది. కొందరు ఈ ఫ్లాగూ పెట్టి, పాత లైబ్రరీనీ ఉంచుకున్నారు. ఒకే పని ఇద్దరి చేతిలో పెడితే ఎవరి జవాబు లాగ్‌లోకి వస్తుందో చెప్పలేం. ప్రిపేర్‌స్టాక్‌ట్రేస్‌ని ఎవరైనా మార్చితే ఈ ఫ్లాగ్ పనిచేయకపోవచ్చని, మార్చేవాళ్లు పాతదాన్ని పిలిచి దాని ఫలితాన్నే తిరిగివ్వాలని నోడ్ డాక్యుమెంటేషన్ చెబుతోంది. అంటే చోటు ఇంకా ఒకటే. దాని దగ్గర క్యూ పద్ధతి పాటించండని బోర్డు మాత్రం పెట్టారు. 2024లో నోడ్ 22లో యుటిల్.గెట్‌కాల్‌సైట్స్ అనేది వచ్చింది. పిలిచిన ఫైలు పేరు కావాలంటే ఇక ఆ చోటు జోలికి వెళ్లకుండానే తెలుసుకోవచ్చు. నా లెక్కలో ఇన్నేళ్లలో జరిగిన మంచి పని అదే, ఎందుకంటే ఆ చోటు దగ్గరికి వచ్చేవాళ్లే తగ్గుతారు.

సోర్స్ మ్యాప్‌కి కూడా పెద్దరికం వచ్చింది. గూగుల్ డాక్యుమెంట్ వదిలి, ఎక్మా సంస్థ దగ్గర జావాస్క్రిప్ట్ ప్రమాణం చూసే టీసీ39 కింద ఒక ప్రత్యేక బృందం చేతికి వెళ్లింది. 2024 డిసెంబరులో ఎక్మా-426 అనే ప్రమాణంగా అచ్చైంది. మ్యాప్ ఫైలు ఎలా ఉండాలో అందులో ఉంది. ప్రిపేర్‌స్టాక్‌ట్రేస్ దగ్గర ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది అందులో రాదు, అది వీ8 ఇంటి సంగతి.

మా కథలో లైబ్రరీకి ఆ అమ్మాయే సవరణ రాసి పంపింది. అన్‌డిఫైన్డ్ తీసేసి పాత ఫంక్షన్, దాని చుట్టూ ట్రై, ఫైనలీ. రాసినాయన మరుసటి రోజే తీసుకొని, థాంక్స్ చెప్పి, కొత్త వెర్షన్ వదిలాడు. మా లాక్ ఫైల్లో మాత్రం పాత వెర్షన్ ఇంకా ఒకచోట మిగిలే ఉంది. మధ్యలో దాన్ని వాడే లైబ్రరీ ఆ పాత వెర్షన్‌నే గట్టిగా పట్టుకుంది, దాని బాగోగులు చూసేవాళ్లు ఇప్పుడెవరూ లేరు. అందుకని ప్యాకేజ్.జేసన్‌లో ఓవర్‌రైడ్స్ కింద ఒక లైను రాసి కొత్తదాన్ని బలవంతాన కూర్చోబెట్టాం. ఆ లైను ఎందుకుందో కామెంట్ రాద్దామంటే జేసన్‌లో కామెంట్లకు చోటు లేదు, రీడ్‌మీలో రాశాం.